పూజగదిలో ముడుపు

మా కూలర్ వారం రోజులుగా చల్లగాలి మానేసి వేడిగాలి కొడుతోంది. కర్నూల్లో మే నెలలో వేడిగాలికి కరువా? కిటికీ తెరిస్తే ఊరికే వస్తుంది, కరెంటు బిల్లు కూడా ఉండదు.

మెకానిక్ ఏసేపు వచ్చి, మూత విప్పి, పెదవి విరిచాడు.

"నీళ్ల మోటారు కాలిపోయిండాదన్నా. ఎనిమిది నూర్లిస్తే ఇప్పుడే ఏసి పోతా."

"వద్దులేప్పా. దుడ్లు యాడుండాయి?"

అప్పటి నుంచి గంటకోసారి లేచి, చెంబుతో కూలర్ గడ్డి మీద నీళ్లు పోస్తున్నాను.

నిజానికి దుడ్లు ఏసేపు నిలబడ్డ చోటుకు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాయి. పూజగదిలో, పసుపు గుడ్డలో. నాలుగు లక్షల అరవై వేలు.

నాది కిరాణా అంగడి. మిగిలిన డబ్బు ఇంట్లో ఎక్కడ దాచినా నా భార్య సుందరలక్ష్మికి దొరికేది. దొరికిన మర్నాడే అది చీరగానో కుక్కరుగానో మారిపోయేది. అందుకని ఏడేళ్ల కిందట డబ్బును పసుపు గుడ్డలో మూటగట్టి, దేవుడి పటం పక్కన మేకుకు తగిలించాను. "మహానందీశ్వరునికి ముడుపు. చెల్లించేదాకా ఎవురూ ముట్టగూడదు" అని చెప్పాను. ఎవరూ ముట్టలేదు. నేను మాత్రం ప్రతి సోమవారం తలస్నానం చేసి, తలుపేసుకుని, భక్తిగా ఇంకొన్ని నోట్లు కలిపేవాణ్ణి.

ఈ ఏడేళ్లలో మిక్సీ చెడిపోయింది. కుళాయిలు కారుతున్నాయి. మా అమ్మాయి శ్రీవాసవి ఫోన్ అద్దం పగిలితే టేపు అతికించి ఇచ్చాను. ఎవరేమడిగినా దుడ్లు లేవన్నాను. పాపం, నమ్మారు.

మొన్న నేను గడ్డి మీద నీళ్లు పోస్తుంటే సుందరలక్ష్మి వచ్చి నిలబడింది.

"ఏమండీ, నాకిప్పుడు అర్థమాయె. మిక్సీ పాయె, కుళాయిలు పాయె, కూలర్ పాయె. ఏడేండ్లయినా ముడుపు చెల్లించలేదని స్వామికి కోపమొచ్చిండాది."

"కోపం లేదు, ఏం లేదు. మోటారు కాలిండాది."

"మోటారు ఊరికే కాల్తాదా?"

"నాన్నా, నా ఫోన్ గూడా స్వామే పగలగొట్టినాడా?" అంది శ్రీవాసవి.

"ఆదివారం పొద్దున్నే ఆరింటికి మహానందికి కారు మాట్లాడినా. బాడుగ గల్లాలోంచి ఇచ్చేసినా" అంది సుందరలక్ష్మి. "కోనేట్లో తానం చేసి, మూట విప్పకుండా హుండీలో ఏసొద్దాం. ఇంతకీ ఎంతుంటాది అందులో?"

"ఏదో... చిల్లర."

"చిల్లరకేనా ఇంత ఇదైపోతాండారు?"

ఇవాళ శనివారం. మధ్యాహ్నం వాళ్లు నిద్రపోతుంటే పూజగదిలోకి వెళ్లి మూట మీద చెయ్యి వేశాను. టప్పుమని ట్యూబులైటు ఆరిపోయింది. అది రెండేళ్లుగా మిణుకుమంటున్నదే, నేను మార్చనిదే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా చెయ్యి వెనక్కి తీసుకుని, చెంపలేసుకుని బయటికొచ్చాను.

అయ్యా, అమ్మా, చదివేవాళ్లు మీరే చెప్పాలి. నిజం ఒప్పుకుంటే ఏడేళ్ల అబద్ధానికి సుందరలక్ష్మికి జవాబు చెప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మూట హుండీలో పడుతుంది. సగం స్వామికిచ్చి సగం ఉంచుకుంటే తప్పా? పోనీ, ఇప్పుడే ఏసేపును పిలిచి మోటారు వేయిస్తే, స్వామి శాంతించాడని ఆమె నమ్ముతుందంటారా?

ఏ సంగతైనా రేపు పొద్దున ఆరింటిలోపు చెప్పండి. ఫోన్ మీరే చేయండి. నేను రీచార్జి చేయించలేదు.