నిప్పు లేని నెత్తురు

కామమ్మ ఎడమచేత్తో బ్యాగు పట్టీని అదిమిపట్టి కుడిచేత్తో జిగురు పూస్తోంది. కుడి చూపుడువేలు ఉబ్బి నల్లబడింది. మొన్న ఇంట్లో కోస్తుంటే జెల్ల చేప ముల్లు దిగింది. బ్యాగులు చేసే ఆ షెడ్డులో ఎవరి వేలికి దెబ్బ తగిలినా జిగురును పలచన చేసే థిన్నర్‌లో ముంచుతారు. ఆమె కూడా అదే చేసింది. పులికాట్‌లో చేప తగ్గాక వాళ్ళ ఊరికి తడ దగ్గరి ఈ షెడ్డే దిక్కు. పన్నెండేళ్ళుగా ఆమెకు ఇదే బల్ల. ఆర్నెల్లుగా పక్క వరసలో కూతురు దుర్గ.

"జెల్ల ముల్లుకే జొరమా? బెస్తోళ్ళ బిడ్డవేనా నువ్వు?" పక్క బల్ల మస్తానమ్మ నవ్వింది.

"గమ్మునుండు మే. చలేస్తా ఉండాది."

మధ్యాహ్నం డాక్టర్ వినీల, పోయినవారం షెడ్డులో అందరికీ తీసిన రక్తపరీక్షల ఫలితాలతో వచ్చింది. కామమ్మ వేలు చూడగానే డాక్టర్ ముఖం పాలిపోయింది.

"క్రిమి కనపడితే తెల్లకణాలు నిప్పు చిమ్మి చంపుతాయమ్మా. ఈ జిగురు ఆవిరి ఏళ్ళ తరబడి ఆ నిప్పును ఊరికే రేపింది. అది నీ ఎముకల్లో ఆ కణాలు పుట్టే మూలుగనే కాల్చేసింది. ఇప్పుడు నిజంగా క్రిమి వచ్చింది, చంపడానికి కణాల్లేవు. వెంటనే నెల్లూరు పోవాలి."

"నా బిడ్డకో?"

వినీల ఇంకో కాగితం తీసింది. "దుర్గకూ తగ్గడం మొదలైంది."

కామమ్మ డాక్టర్ దగ్గర్నుంచి తిరిగొచ్చి బల్ల ముందు కూర్చుంది. సూపర్‌వైజర్ పెంచలకృష్ణ పరుగెత్తుకొచ్చాడు.

"నెల్లూరికి బండి వచ్చినాది, లెయ్యక్కా!"

"దుర్గను జిగురు లేని ప్యాకింగులో వెయ్యి. అప్పుడు లేస్తా."

"ఆర్డర్ నెత్తిమీదుంది. రేపు చూస్తాలే."

"రేపటికి నేనుంటే రేపే అడిగేదాన్ని నాయనా."

"అమ్మా, పోదాం రామ్మా," దుర్గ ఏడ్చింది.

"ముందు ఆ కుంచె కింద పెట్టు."

డాక్టర్ అరిచినా, కూతురు కాళ్ళు పట్టుకున్నా ఆమె కదల్లేదు. వణుకుతూనే జిగురు పూసింది. సాయంత్రానికి బల్లమీదికి ఒరిగిపోయింది. అప్పుడు పెంచలకృష్ణ దుర్గ చేతిలోని కుంచె లాక్కుని, "రేపట్నుంచి ప్యాకింగే" అన్నాడు. అది విన్నాకే కామమ్మ కళ్ళు మూసుకుంది. నలుగురు ఎత్తుకెళ్ళి బండిలో పడుకోబెట్టారు. గూడూరు దాటేసరికి దుర్గ చేతిలో తల్లి చెయ్యి చల్లబడింది.

కర్మంతరం అయ్యాక దుర్గ పనికొచ్చింది. ప్యాకింగులో చోటు లేదన్నాడు పెంచలకృష్ణ, ఎటో చూస్తూ. తల్లి బల్లే చూపించాడు. కూర్చోబోతే కాలికేదో తగిలింది. ఆ రోజు బల్ల కిందే ఉండిపోయిన అమ్మ రబ్బరు చెప్పులు. తెగిన పట్టీని కంపెనీ జిగురుతో అతికించి ఉంది. అతుకు ఇంకా గట్టిగానే ఉంది.