అన్న మాట మీద

దూరప్రయాణాల బస్సు నడిపే డ్రైవరు మూత్రానికని దారిలో మాటిమాటికీ బస్సు ఆపుతుంటే వెనక ప్రయాణికులు సణుక్కునేవారు. వయసు మీద పడుతోంది కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. కంపెనీ చేయించే రక్తపరీక్షలో, ప్రోస్టేట్ గ్రంథిలో తేడా ఉంటే పెరిగే పీఎస్‌ఏ ఎక్కువగా వచ్చేసరికి డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

డాక్టరు తొందరపడలేదు. కొన్ని వారాలాగి అదే పరీక్ష మళ్లీ చేయించాడు. అంకె తగ్గలేదు. ఎంఆర్‌ఐలో ప్రోస్టేట్ గ్రంథి మీద ఒక మచ్చ కనిపించింది. తరవాత బయాప్సీ, మలద్వారం గుండా సూది పెట్టి గ్రంథిలోంచి చిన్న ముక్కలు తీసే పరీక్ష. పక్కకు తిప్పి పడుకోబెట్టి, సూది దిగినప్పుడల్లా టక్కుమని చప్పుడవుతుంటే, ఆయన గోడకేసి చూస్తూ పళ్లు బిగబట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఫలితం వచ్చిన రోజు భార్య కూడా వెళ్లింది. క్యాన్సరే, కానీ చాలా చిన్నది, నెమ్మదిగా పెరిగే రకం అన్నాడు డాక్టరు. మాటిమాటికీ మూత్రం రావడం గ్రంథి వాపు వల్లేనని, దానికి మాత్రలు చాలని చెప్పాడు. క్యాన్సర్‌కి మూడు దారులున్నాయన్నాడు. ఇప్పటికి ఏమీ చేయకుండా రక్తపరీక్షలూ స్కానింగులూ చేయిస్తూ కనిపెట్టుకుని ఉండొచ్చు. రేడియేషన్ ఇవ్వొచ్చు. ఆపరేషన్ చేసి గ్రంథిని తీసేయొచ్చు. తీసేస్తే మూత్రం నిలవకపోవచ్చు, భార్యాభర్తల సంగతి కూడా దెబ్బతినొచ్చు. తనైతే మొదటి దారే పట్టమంటానన్నాడు.

"డాక్టరే తొందర లేదంటున్నారు కదండీ. ఆగుదాం," అంది భార్య.

ఆగడం ఆయన వల్ల కాలేదు. స్టీరింగు పట్టుకున్నా, అన్నం ముందు కూర్చున్నా, లోపల ఏదో పెరుగుతోందన్న మాటే చెవిలో. నేరుగా అన్న దగ్గరికి వెళ్లాడు. అన్న బట్టల మిల్లులో సూపర్‌వైజరు. రెండేళ్ల కిందట ఆయనకూ ఇదే జబ్బు, ఇదే ఆపరేషన్.

"తీయించేసుకోరా, పీడ విరగడవుతుంది," అన్నాడు అన్న. "రెండు నెలల్లో నేను మామూలైపోలా? నన్ను చూస్తే నీకేమైనా తేడా కనిపిస్తోందా?"

ఏ తేడా కనిపించలేదు. ఎదురుగా మనిషే నిలబడి చెబుతుంటే డాక్టరు మాటలు గాలికి పోయాయి. భార్య మాట అసలే చెవికెక్కలేదు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. మూత్రానికి పెట్టిన గొట్టం తీశాక మొదలైంది అసలు సంగతి. దగ్గితే తడి, లేస్తే తడి, నవ్వితే తడి. రెండు నెలలు గడిచాయి, మూడూ గడిచాయి. కొందరికి ఏడాది పడుతుందని, మూత్రాన్ని పట్టి ఉంచే కండరాల వ్యాయామాలు మానొద్దని డాక్టరు చెప్పాడు. అన్నకు రెండు నెలల్లో తగ్గింది నాకెందుకు తగ్గదని ఆయన తనమీద తనే కోపం పెంచుకున్నాడు. భార్య పక్కన పడుకోవడం మానేసి హాల్లోకి మారాడు.

ఒక ఆదివారం అన్న ఇంటికి వెళ్లినప్పుడు ప్యాంటు తడిసింది. వదిన చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, బీరువాలోంచి పెద్దవాళ్లు వాడే ప్యాడ్ల ప్యాకెట్ తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇవి వాడు మరిదీ. మీ అన్నయ్య మొదట్లో వాడినవి ఒరుసుకుపోయేవి. ఇవే మెత్తగా ఉంటాయి."

అన్న తల దించుకున్నాడు. వదినకు అప్పుడు గాని అర్థం కాలేదు, తన మొగుడు తమ్ముడికి ఏమీ చెప్పలేదని. ఆవిడ మెల్లగా వంటింట్లోకి తప్పుకుంది.

"ఇప్పటికీ వాడుతున్నావా?" అడిగాడు తమ్ముడు.

"ఊఁ."

"మిగతాది?"

అన్న తల అడ్డంగా ఊపాడు.

"నాకెందుకు చెప్పలేదు? డాక్టరు ఆగమన్నాడు. నీ మాట మీదే కోయించుకున్నాను."

"మొదట సిగ్గేసింది," అన్నాడు అన్న. "తరవాత... నీకూ ఇలాగే అయితే నేనొక్కణ్ణే కాదు కదా అనిపించింది రా."

తమ్ముడు లేచాడు. ప్యాకెట్ కుర్చీలో పెట్టబోయి, పెట్టలేకపోయాడు. అవసరం అలాంటిది. దాన్ని చంకలో పెట్టుకుని, అన్న పిలుస్తున్నా వినిపించుకోకుండా మెట్లు దిగాడు.

ఏడాది తిరిగేసరికి తడి చాలావరకు తగ్గింది. రెండోది, భార్యాభర్తల సంగతి, తిరిగి రాలేదు. కంపెనీ ఆయన్ని ఊళ్లో తిరిగే బస్సుకు మార్చింది. అన్న ఫోన్ చేస్తే భార్య ఎత్తి, ఆయన డ్యూటీలో ఉన్నారని చెబుతుంది. ఎదురుగానే కూర్చుని ఉన్నా.