నల్ల పిడి, అద్దాల బీరువా

ఈ హెడ్‌ఫోన్లు చేసినవాడికి చెవులుండవు, ఉన్నా కళ్ళజోడుండదు, లేకపోతే కాడలు ఇలా కణతల్లోకి దిగబడతాయా, అదీ పరీక్ష రోజునే, పక్క సీట్లో పరీక్షాధికారి ఒళ్ళో కాగితాలు పెట్టుకుని నా వైపు చూడనట్టు చూస్తున్నాడు, మూడోసారి, నలభై ఏడేళ్ళవాడు పైలట్ పరీక్షకి మూడోసారి కూర్చుంటున్నాడని ఆఫీసంతా నవ్వింది, ఈసారి కూడా పోతే ఇక చాలించండి అని మా ఆవిడ అంది, చాలించను అని నేనూ గట్టిగానే అన్నాను, కాకపోతే ఆవిడ వంటగదిలోకి వెళ్ళాక అన్నాను, సరే, ఎర్ర పిడి లోపలికి, అంటే ఇంధనం చిక్కగా, నల్ల పిడి మొత్తం లోపలికి, అంటే ఇంజనుకున్న బలమంతా, చక్రాలు దడదడలాడాయి, వేగం ముల్లు లేచింది, మేమూ లేచాం.

ఎండ మండిపోతోంది, వేడిగాలి పలచన, పరీక్షాధికారి పలచన కాదు, నేనూ కాదు, విమానం చూస్తే చిన్నది, దూరంగా గుట్ట, ఇంజను ఒకటే అరుపు, పాపం అనిపిస్తోంది, అదీ నా జబ్బు, కిందటి రెండుసార్లూ సరిగ్గా ఇక్కడే పాపం అనిపించి నల్ల పిడిని రెండు వేళ్ళ మందం వెనక్కి లాగాను, ఎవరూ లాగమనలేదు, చెయ్యి దానంతటదే వెళ్ళింది, మా నాన్న స్కూటరు నలభై దాటించేవాడు కాదు, బండి అలిసిపోతుందిరా అనేవాడు, అది పద్దెనిమిదేళ్ళు అలవకుండా తుప్పు పట్టింది, మా సోఫాకి షాపువాడు తొడిగిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది, వేసవిలో లేచేటప్పుడు కొంచెం చర్మం దానికే వదిలేసి లేస్తాం, రిమోటు పాలిథిన్ సంచిలో ఉంటుంది, అంకెలు కనబడవు గానీ కొత్తగా ఉంటుంది, అద్దాల బీరువాలో పింగాణీ కప్పులు పన్నెండేళ్ళుగా ఉన్నాయి, ఎవరైనా వచ్చినప్పుడు తీద్దామండీ అంటుంది మా ఆవిడ, ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, వచ్చాక అంటుంది, వీళ్ళకెందుకులెండి అని.

నేర్పే మేడం మా పెద్దమ్మాయి వయసుది, నన్ను జాగ్రత్త అంకుల్ అని పిలుస్తుంది, నిన్న తల పట్టుకుంది, అంకుల్, పిడి మొత్తం లోపలుంటేనే పెట్రోలు కాస్త ఎక్కువ పడుతుంది, ఆ ఎక్కువదే ఇంజన్ని చల్లగా ఉంచేది, మీరు జాలిపడి వెనక్కి లాగగానే ఆ ధార ఆగిపోతుంది, బలమూ పోతుంది, వేడీ తగ్గదు, మీరు దాన్ని కాపాడట్లేదు, మాడుస్తున్నారు, మరి అయినా వేడెక్కితే మేడం, విమానం ముక్కు కాస్త దించండి, వేగం పెరిగి గాలి తగులుతుంది, ఎక్కేటప్పుడు దించడమేంటి మేడం, అబ్బా, నేలకి కాదంకుల్, రవ్వంత.

వేడి ముల్లు పైకి పాకుతోంది, వేగం అరవై అయిదుకి పడింది, చెయ్యి బయల్దేరింది, నా చెయ్యే, చూస్తున్నాను, పక్కన పరీక్షాధికారి చెయ్యి కూడా ఒళ్ళోంచి బయల్దేరింది, రెండుసార్లూ విమానాన్ని నా దగ్గర్నుంచి లాక్కున్నది ఆ చెయ్యే, ఇవ్వను, అరచేతిని పిడికి అడ్డంగా ఆనించి లోపలికి నొక్కాను, అరుచుకో, ఎంత అరుస్తావో అరుచుకో, గుట్టని చూసి ఒళ్ళంతా ముక్కు ఎత్తమంటోంది, ఎత్తను, రవ్వంత దించాను, గుట్ట మా మీదికి లేచినట్టయింది, డెబ్బై, డెబ్బై అయిదు, అక్కడ పట్టుకున్నాను, విమానం బరువు దిగినట్టు పైకి తేలింది, గుట్ట కిందికి జారింది, వేడి ముల్లు ఒక గీత వెనక్కి తగ్గింది, పక్కనున్న చెయ్యి ఒళ్ళోకి వెళ్ళి కాగితం మీద టిక్కు పెట్టింది.

బాగుందండీ, ఇలాగే ఎక్కండి, అన్నాడు, దిగాక మా ఇంటికి టీకి రండి సార్ అనేశాను, పాసైతేనే వస్తానండీ, ఫెయిలైతే మీకే బాగోదు, అన్నాడు, నల్ల పిడి లోపలే ఉంది, ఇంజను దాని పని అది చేసుకుపోతోంది, ఇన్నేళ్ళూ నేను దేన్నీ కాపాడలేదు, అన్నిటినీ రెండు వేళ్ళ మందం వెనక్కి లాగి పట్టుకున్నాను, అంతే, ఈయన వచ్చినా రాకపోయినా ఈ సాయంత్రం ఆ కప్పుల్లోనే టీ, అది ఖాయం, కానీ అయ్యలారా, అమ్మలారా, బీరువా తాళం మా ఆవిడ కొంగున ఉంది, మీకు పుణ్యముంటుంది, ఎవరైనా చెప్పండి, ముక్కు ఎంత దించి అడగమంటారు?