చేపల మధ్య తాడు

అచ్చాఫీసు మూసేస్తున్నారనీ, చెక్క బ్లాకులన్నీ పొయ్యిలోకి పోతాయనీ, నాన్న చెక్కినవి కావాలంటే వచ్చి తీసుకుపొమ్మనీ ఫోర్‌మన్ బాబాయి కబురు చేశాడు. పన్నెండేళ్లుగా ఆ గుమ్మం తొక్కలేదు నేను. మొండితనంలో నాన్నకేం తీసిపోను మరి. గేటు దగ్గర కాసేపు మీనమేషాలు లెక్కపెట్టి లోపలికి వెళ్లాను.

కాలెండరుకి పన్నెండు రాశుల బొమ్మలూ నాన్నే చెక్కేవాడు. నాది మీనం. రెండు చేపలు చెరో దిక్కు చూస్తుంటాయి, తోకలకి ఒకటే తాడు. ఎందుకు కట్టారని అడిగితే కథ చెప్పేవాడు. రాక్షసుడు తరుముకొస్తే ఓ తల్లీ కొడుకూ ఏట్లో దూకి చేపలైపోయారట, ప్రవాహంలో విడిపోకుండా తాడు కట్టుకున్నారట. బడి వదిలాక నేను ప్రెస్సుకే వచ్చేదాన్ని. సాయంత్రం పనివాళ్లంతా గేటు దగ్గర తోసుకుంటుంటే, ప్యాకింగు దారం ఓ కొస నా మణికట్టుకీ ఓ కొస తన వేలికీ కట్టుకుని నడిపించేవాడు. ఎంత బాగుండేవో ఆ సాయంత్రాలు! ఆ దారం గరుకు ఇప్పటికీ చేతికి తెలుస్తుంది.

అలాంటిదాన్ని పోయి పోయి ఎదురు వీధి ఆఫ్‌సెట్ ప్రెస్సులో చేరాను. నాన్న పనికి గండి కొట్టింది చెక్క బ్లాకులతో పనిలేని ఆ మిషన్లే. ఆయన వెళ్లమనలేదు, వద్దనలేదు. ఒకే ఇంట్లో ఉంటూ మా మాటలు అన్నం తిన్నావా దగ్గర ఆగిపోయాయి. ఏటా తన కాలెండరు తెచ్చిస్తే, ఉక్రోషంతో చుట్ట విప్పకుండానే బీరువా మీద పడేసేదాన్ని. నాన్న పోయి ఏడాదైంది. నా మీద కోపంతోనే పోయాడా అన్నది గొంతులో ముల్లులా ఉండిపోయింది.

బాబాయి బ్లాకులు బల్ల మీద పరిచాడు. మేషం నుంచి కుంభం దాకా అన్నీ పాతికేళ్ల నాటివి, అరిగిపోయినవి. మీనం మాత్రం పదకొండు బ్లాకులు, వెనక పెన్సిలుతో సంవత్సరాలు. అరక్కుండానే ఏటా కొత్తది చెక్కేవాడట, యజమాని చివాట్లు పెట్టినా వినలేదట.

వరసగా పెట్టి చూశాను. నేను ఇక్కడికి రావడం మానేసిన ఏడాది తాడు ఎప్పటిలాగే పొట్టిగా ఉంది. మరుసటి ఏడాది కాస్త పొడుగు. ఆఖరి దాంట్లో బొమ్మ చుట్టూ మూడుసార్లు తిరిగి వెళ్లి రెండో చేపను చేరింది. ఒక్కచోట కూడా తెగలేదు.

బాబాయి మెల్లగా అన్నాడు. "తాడెందుకు పెంచుతున్నావురా అని అడిగానమ్మా. పిల్ల దూరం జరిగింది కదా, పొట్టిగా ఉంటే దానికి నొప్పెడుతుంది అన్నాడు."

ఎదురు వీధే కదా బాబాయ్ అనబోయాను. బ్లాకులు కట్టుకోవడానికి ఆయన ప్యాకింగు దారం చేతికిచ్చాడు. ముడి వెయ్యడానికి చేతులు రాక, నాన్నా అంటూ పైకే ఏడ్చేశాను.