హార్లాన్ తిరిగొచ్చిన పేజీ

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. కౌబాయ్ బొమ్మల పుస్తకాన్ని. అట్ట మీద ఎర్రటి ఆకాశం, దాని కింద ఒక మనిషి, వాడి నడుముకి తుపాకీ. వాడి పేరు హార్లాన్. టోపీ అంచు కళ్ళ మీదికి దిగి ఉంటుంది కాబట్టి వాడు మిమ్మల్ని చూస్తున్నాడో, మీ వెనకున్నవాణ్ణి చూస్తున్నాడో చెప్పలేం. వాడితో మొదటినుంచీ చిక్కు అదే.

నేను పుట్టింది విజయవాడలో, ఒక ప్రెస్సులో. సముద్రాల అవతల ఎవరో గీసిన బొమ్మల్లోంచి మాటలు చెరిపేసి, ఆ ఖాళీ బుడగల్లో తెలుగు నింపారు. తెలుగు మాటలు పొడుగు. బుడగల్లో పట్టక కొన్నిచోట్ల హార్లాన్ ముక్కు మీదికి ఎక్కాయి. ఎరుపు రంగు అచ్చు వేసేటప్పుడు కాగితం వెంట్రుకంత జరిగింది. దాంతో వాడి మెడలోని రుమాలు నల్లగీతల్లోంచి జారి, మెడ పక్కన గాలిలో తేలుతూ ఉండిపోయింది. తడి సిరా వాసన, పైన పంకా, తీగల మీద ఆరేసిన వందలమంది హార్లాన్‌లు ఒకేసారి ఊగడం... నా బాల్యం అంటే ఇంతే.

నాలో కథ చిన్నది. హార్లాన్ ఎవరు డబ్బిస్తే వాళ్ళ తరఫున తుపాకీ పట్టే మనిషి. ఒక పశువుల ఆసామి వాణ్ణి పిలిచి, మిగేల్ అనే దొంగని పట్టుకు రమ్మంటాడు. హార్లాన్ పట్టుకుంటాడు. ఇద్దరూ ఎడారి దాటాలి. దారిలో మిగేల్ ఒకసారి హార్లాన్ ప్రాణం కాపాడతాడు, ఒకసారి తీయబోతాడు. చివరికి మిగేల్ కాలికి తూటా తగులుతుంది, నీళ్ళు అయిపోతాయి, ఉన్నది ఒకటే గుర్రం. ఆఖరి బొమ్మలో హార్లాన్ ఆ గుర్రమెక్కి వెళ్ళిపోతుంటాడు. మనకి కనపడేది వాడి వీపు, వెనక లేచిన దుమ్ము. ఒక్క మాట ఉండదు.

నీళ్ళ కోసం వెళ్ళాడా, వదిలేసి వెళ్ళాడా? గీసినాయన చెప్పలేదు.

నేను డోన్ జంక్షన్ చేరాను. స్టేషన్ రోడ్డులో మహబూబ్ బాషా నడిపే అద్దె లైబ్రరీలో, డిటెక్టివ్ నవలల పక్కన, ఒక తీగకి వేలాడాను. ఊరి చుట్టూ ఎర్రమట్టి, గుట్టలు, నాపరాళ్ళ గనులు. మధ్యాహ్నం ఎండలో నన్ను చదివినవాళ్ళు తలెత్తి కిటికీలోంచి చూస్తే, బయట కూడా నా బొమ్మే కనపడేది. ఎంతోమంది అలా గుట్టలవైపు చూస్తూ కూర్చుని, వేలు పేజీలో ఉండగానే నిద్రపోయారు. వాళ్ళ కలల్లోకి వెళ్ళి వచ్చేదాన్ని. అక్కడ ఎవరి మెడలో రుమాలు వాళ్ళ మెడలోనే ఉండేది.

ఒక గూడ్సు గార్డు నన్ను తీసుకెళ్ళి, బండి చివరుండే బ్రేక్ వ్యాన్‌లో చదువుతుండగా చివరి కాగితం ఊడి, గాలికి ఎగిరిపోయింది. అది గుట్టల మీదుగా పక్షిలా వెళ్ళడం చూశాను. తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు.

బాషా లైబ్రరీలో ఒక పద్ధతి ఉంది. పేజీ పోగొట్టినవాడికి జరిమానా లేదు. కౌంటర్ ముందు నిలబడి, ఆ పేజీలో ఏముందో చెప్పి పోవాలి. బాషా దాన్ని గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత పుస్తకం తీసుకెళ్ళే ప్రతివాడికీ తన నోటితో చెప్పేవాడు. గార్డు కూడా వచ్చి నిలబడ్డాడు.

"గుర్రమెక్కి పోయినాడు."

"పోయి?"

"పోయినాడంతే. అయిపోయింది పుస్తకం."

"ఇంత కథ నడిపి అంతేనా? నువ్వు నిద్దరపోయింటావులేప్పా," అన్నాడు బాషా.

నిజం చెప్పినవాణ్ణి ఎవరూ నమ్మలేదు. బాషా తనే ముగింపు కల్పించుకున్నాడు. బడిపిల్లలకి హార్లాన్ నీళ్ళతో తిరిగొచ్చేవాడు. కానిస్టేబుల్ వస్తే మిగేల్‌తో పాటు హార్లాన్ కూడా జైలుకి పోయేవాడు. టీచరమ్మలు తీసుకుంటే ఎడారి అవతల ఒక వితంతువు, ఆమెకో ఇల్లు, పెళ్ళి. చెప్పేకొద్దీ ముగింపు కథకంటే పొడుగైంది. సాయంత్రాలు జనం గుమిగూడేవాళ్ళు. పుస్తకం మాత్రం ఇక ఎవరూ అద్దెకి తీసుకోలేదు. టీ కొట్టువాడు బెంచీలు వేసుకున్నాడు.

"మీకు పుణ్యముంటాది, తీసుకునేదుంటే తీసుకోండి, లేకపోతే దోవ ఇయ్యండి," అని ఒకరోజు బాషా విసుక్కుని, ఎదురుగా సైకిల్ షాపుకి బోర్డు రాస్తున్న మద్దిలేటిని పిలిచాడు. మద్దిలేటి పెయింటరు. ఊళ్ళో సినిమా బ్యానర్ల దగ్గర్నుంచి పాల డిపో దాకా అన్ని బోర్డులూ అతని చేతివే.

"దీనికి ఆఖరి పేజీ వేసియ్యి."

"ఏం వెయ్యల్ల?"

బాషా చాలాసేపు ఆలోచించాడు. అన్ని రకాలుగా చెప్పి చెప్పి, గార్డు అన్నది అతనికే గుర్తులేదు.

"నీకెట్ల తోస్తే అట్ల వెయ్యి."

మద్దిలేటి పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు పోస్టర్ రంగులతో వేశాడు. అతని హార్లాన్ తిరిగొచ్చాడు. గుర్రాల్లో అతను దగ్గరగా చూసింది స్టేషన్ బయట ఇమాం సాబు జట్కాకి కట్టినదాన్నే. అందుకని నా గుర్రానికి కళ్ళకి గంతలు వచ్చాయి, మెడలో మువ్వలు వచ్చాయి, నెత్తిన రంగుల కుచ్చు వచ్చింది. ఎడారిలో నాపరాళ్ళు మొలిచాయి. హార్లాన్ ఒక చేత్తో కళ్ళెం పట్టుకుని, ఇంకో చేత్తో ఇత్తడి చెంబు తొణక్కుండా పట్టుకుని వస్తున్నాడు. మిగేల్ రాయికి ఆనుకుని అటే చూస్తున్నాడు. రంగు ఎంత మందంగా వేశాడంటే, వేలితో తడిమితే గుర్రం వీపు తగిలేది. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపి, బాషా దాన్ని నాకు అతికించాడు.

ఊరు చెంబుని చూసి నవ్వలేదు. నీళ్ళు తెచ్చేవాడి చేతిలో చెంబు కాక ఏముంటుంది?

తర్వాత ఇళ్ళలోకి టీవీలు వచ్చాయి. లైబ్రరీ మూతపడింది. నన్ను కాటాలో వేసి తూచారు. మనుషులు మమ్మల్ని చదివేటప్పుడు పేజీల్లో లెక్కపెడతారు, వదిలేసేటప్పుడు కిలోల్లో. గోనెసంచిలో హైదరాబాదు వెళ్ళి, ఆబిడ్స్‌లో ఆదివారాలు పేవ్‌మెంట్ మీద పడుకున్నాను. అక్కడినుంచి నన్ను మలక్‌పేటకి తీసుకెళ్ళినాయన పేరు పరాంకుశం. బీమా కంపెనీలో రిటైరయ్యాడు. కుర్రతనంలో చదివిన కౌబాయ్ పుస్తకాలన్నీ వెతికి తెచ్చుకుని, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, మళ్ళీ మొదటినుంచి చదువుకోవడం ఆయన పని.

ఆయన నన్ను చదువుతుంటే నాకు మళ్ళీ ఎండ తగిలినట్టుండేది. ఆఖరి పేజీ దాకా అంతే. అక్కడికి రాగానే మొహం చిట్లించేవాడు.

"చూడవే, ఎవడో హార్లాన్‌కి చెంబిచ్చాడు," అన్నాడు భార్య కనకవల్లితో.

"పాపం, దాహం వేసిందేమో."

"హార్లాన్ తిరిగి రాడు. వదిలేసి పోతాడు. అదే వాడి గొప్ప. మంచివాడో కాదో తేలకపోవడం. వీడెవడో వాణ్ణి మంచివాణ్ణి చేసి పారేశాడు."

ఆయన దగ్గర చెదలు తిన్న మరో ప్రతి ఉంది. అందులో మిగిలిన నాలుగు కాగితాల్లో అసలైన ఆఖరి కాగితం ఒకటి. మద్దిలేటి పేజీ కోసేసి దాన్ని నాకు అతికిస్తే నేను నిండు పుస్తకం అవుతానని ఆయన లెక్క. కోసేముందు తనలాంటి పుస్తకాలవాళ్ళ గ్రూపులో నవ్వుకోడానికి ఆ పేజీ ఫొటో పెట్టాడు. చెంబు పట్టిన కౌబాయ్ ఫోన్ల మీద స్వారీ చేస్తూ రెండు తెలుగు రాష్ట్రాలూ తిరిగి, డోన్‌లో బట్టలు కుట్టుకునే సువర్ణ ఫోన్‌లోకి వచ్చాడు.

సువర్ణ మద్దిలేటి కూతురు. మరుసటి ఉదయం ఆమె వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నంబరు పట్టుకుని ఫోన్ చేసినప్పుడు నేను బల్ల మీద ఉన్నాను, నా పక్కన కత్తి ఉంది.

"సార్, ఆ బొమ్మ మా నాయన వేసింది."

"ఎలా చెప్తావమ్మా? పేరు కూడా లేదే."

"ఆ గుర్రం ఇమాం సాబుది సార్. మా నాయన దేవుడి రథం వేసినా అదే గుర్రం, సోడా బండికి వేసినా అదే గుర్రం."

ఆమె తొందరగా చెప్పుకుపోయింది. ఫ్లెక్సీలు వచ్చాక ఊళ్ళో మద్దిలేటి బోర్డులన్నీ దింపేశారట. గోడల మీదవి సున్నంలో పోయాయి. షుగరు వల్ల ఒక కన్ను పోయింది, రెండోదాంట్లో వెలుగు తగ్గిపోతోంది. ఎక్కువరోజులు ఉండదని డాక్టరు చెప్పేశాడు.

"నేను బొమ్మలేసినానని మీరంటే నమ్మాల, నాకైతే ఒక్కటీ కనపడదు అంటాడు సార్. చూపు పోయేలోపల ఒక్కటన్నా చూపించల్ల. యాడ ఎతికినా దొరకలే. ఇదొక్కటే."

పరాంకుశం నన్ను దగ్గరికి లాక్కున్నాడు. "ఆ పేజీ నీకే ఇచ్చేస్తానమ్మా. ఎలాగూ తీసేస్తున్నా. పోస్టులో పంపుతాను."

"తీస్తే చిరిగిపోతాది సార్. బాషా తాత జిగురు మీకు తెలీదు."

ఆయన గోటితో అంచు లేపి చూశాడు. నా వెన్ను కలుక్కుమంది. కాగితం లేవలేదు, రంగు మాత్రం చిన్న పెచ్చుగా రాలింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"పుస్తకం తీసుకుని వెళ్ళి రండి," అంది కనకవల్లి. "ఇంట్లో కూర్చుని దాన్ని కోసేకంటే నయం."

అలా నేను మళ్ళీ డోన్ వచ్చాను. రైలు కిటికీలోంచి అవే గుట్టలు. పరాంకుశం నన్ను ఒళ్ళో పెట్టుకుని, బయటికి చూస్తూ, వేలు పేజీలో ఉండగానే నిద్రపోయాడు.

మద్దిలేటి ఇంటి వసారాలో, వెలుతురు పడేచోట మంచం వాల్చుకుని కూర్చుని ఉన్నాడు. సువర్ణ ఆఖరి పేజీ తెరిచి నన్ను అతని చేతుల్లో పెట్టింది. అతను నన్ను కంటికి అంటేలా ఎత్తి, వెలుతురు కోసం అటూ ఇటూ వంచాడు. అతని ఊపిరి నా మీద పడుతోంది. ఆలస్యమైపోయిందా అనుకున్నాను. సువర్ణ కూడా అదే అనుకుంది కాబోలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇమాం సాబు గుర్రం," అన్నాడు చివరికి.

"కనపడిందా నాయనా?"

"కుడికాలు కుంటి దానికి. అట్లే వేసినా చూడు." వేలు గుర్రం వీపు మీదుగా నడిచి చెంబు దగ్గర ఆగింది. "నాదే. నేనే వేసినా."

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ పుస్తకాలు పోగేసేవాళ్ళకి నిజం సంచిలో పెట్టుకుని ఊరుకోవడం చేతకాదు. పరాంకుశం ప్లాస్టిక్ కవర్లోంచి ఆ అసలైన కాగితం తీశాడు.

"మీరు పెద్దవారు, ఏమీ అనుకోవద్దు. అసలు ఆఖరి పేజీ ఇదండీ. ఇందులో హార్లాన్ తిరిగి రాడు."

"సార్, ఇప్పుడెందుకు సార్ అది?" అంది సువర్ణ.

మద్దిలేటి చెయ్యి చాచాడు. ఆ కాగితాన్ని కూడా కంటికి ఆనించుకుని, నన్ను చూసినదానికంటే ఎక్కువసేపు చూశాడు.

"ఏం వేసినాడప్పా. దుమ్ము చూడు, ఎట్ల లేపినాడో. రాడని ఇందులో యాడుంది సామీ?"

"వెళ్ళిపోతున్నాడు కదండీ."

"పోతాండాడు. నీళ్ళు తేవాలంటే పోవాల కదా." కాగితం తిరిగి ఇస్తూ, చాలా మామూలుగా అన్నాడు. "ఆయప్ప ఇంతవరకు వేసినాడు. నాది దీని తర్వాత పేజీ."

పరాంకుశం ఆ కాగితాన్ని, నన్ను, మార్చి మార్చి చూశాడు. కుర్రతనంనుంచీ హార్లాన్ వదిలేసి పోయాడని నమ్మినవాడు ఆయన. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"అమ్మా, ఇంట్లో మైదా ఉందా?"

సువర్ణ పొయ్యి మీద జిగురు కాచింది. ఆయన ఆ అసలు కాగితాన్ని మద్దిలేటి పేజీకి ముందు అతికించాడు. ఏదీ కోయలేదు. ఆరేదాకా నన్ను కదపొద్దని చెప్పి, రైలు టైమవుతోందని లేచాడు. స్టేషన్‌నుంచి ఫోన్ చేసి, తొందరేమీ లేదు, నిదానంగా ఆరనివ్వండి అన్నాడు. నేను ఆరి చాలాకాలమైంది. ఆయన ఇంకా అదే మాట అంటున్నాడు.

అచ్చయిన నా తోడబుట్టినవాళ్ళు ఎక్కడెక్కడున్నారో తెలియదు. అందరికంటే నాకొక పేజీ ఎక్కువ.

మద్దిలేటికి ఇప్పుడు చూపు లేదు. ఎండ చల్లబడ్డాక నన్ను ఒళ్ళోకి తీసుకుని చివరికి తిప్పుతాడు. ఎడమవైపు అచ్చు పేజీ నున్నగా ఉంటుంది. కుడివైపు అతని రంగు గరుకుగా లేచి ఉంటుంది. వేలు నున్నటి వైపునుంచి మెల్లగా బయల్దేరుతుంది.

"పోయినాడు," అంటాడు.

మధ్యలో కుట్టు దాటుతుంది. గరుకు తగులుతుంది.

"వచ్చినాడు."