టీవీ చెప్పిన జబ్బు

ఉప్పలమ్మకు కడుపులో పుండు అని చెప్పారు ఇంట్లో. పుండంటే మానేది కదా, అందుకని ఆ మాట ఎంచుకున్నారు. అసలు జబ్బు పేరు కొడుకు పరమేష్‌కూ కోడలు స్వరూపకూ మాత్రమే తెలుసు. పెద్దవాళ్లకు చెబితే బెంగతోనే పోతారని చౌటుప్పల్‌లో ఎవరిని అడిగినా అంటారు. నిజమో కాదో ఎవరూ చూడలేదు, దాచడం మాత్రం అందరూ దాస్తారు.

దాచడం రానిది టీవీ ఒక్కదానికే. కొన్న రోజు దాన్ని బిగించడానికి వచ్చినతను తెర మీద అడిగినవాటికన్నిటికీ 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కుకుంటూ పోయాడు. అదంతా చదువుతూ కూర్చునే తీరిక ఎవరికుంది? పరమేష్ మందుల కంపెనీలో డ్యూటీ దిగి వచ్చి, ఏ దవాఖాన మంచిదా అని ఫోన్లో వెతికేవాడు. ఫోనుకూ టీవీకీ ఖాతా ఒకటే. వారం తిరక్కుండా, ఉప్పలమ్మ సీరియల్ పెట్టుకుంటే చాలు, దవాఖాన ప్రకటనలో తెల్లకోటు డాక్టరు నవ్వుతూ వచ్చి క్యాన్సర్ గురించి మొదలుపెట్టేవాడు. స్వరూప వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి రిమోట్ అందుకునేలోపే చెప్పాల్సిందంతా చెప్పేసేవాడు.

ముసలామె ఒకనాడు మనవరాలు వర్షితను అడిగింది.

"గీ డాక్టరు మనింటికే ఎందుకొస్తాండే? పక్కింటి ఐలేశం టీవీల రాడు గద."

"ఇంట్ల ఎవరేం వెతికితే టీవీ గదే సూపెడ్తది అవ్వా. మొన్న అమ్మ కుక్కర్ సూస్తే అన్నీ కుక్కర్లే రాలే?"

"మరి దవాఖానలు ఎవరు సూసిన్రు?"

"బాపు."

తండ్రి గురించి పిల్ల ఉన్నమాటే చెప్పింది. అబద్ధమాడమని దానికి ఎవరూ నేర్పలేదు.

మర్నాటి నుంచి ఉప్పలమ్మ రాత్రి తినడం మానేసింది. స్వరూప జావ కాచి ఇచ్చినా గ్లాసు పక్కకు జరిపేది. బరువు బాగా తగ్గిందని, ఇట్లా అయితే సూదిమందు ఇవ్వలేమని దవాఖానలో డాక్టరు కోప్పడ్డాడు. ఇంటికొచ్చాక పరమేష్ ఓపిక నశించింది.

"ఎందుకు తింటలేవమ్మా? జర చెప్పు."

"ఒక్కపొద్దు ఉన్న. మైసమ్మకు మొక్కిన."

"గిప్పుడేం మొక్కు?"

ఆమె కొడుకు చెయ్యి పట్టుకుంది. "నాకు ఎరుకే బిడ్డా. గా కంపెనీ వాసన నీ పానం తీస్తదని ఎప్పటిసంది మొత్తుకుంటున్న. నీ జబ్బు నువ్వు చెప్పకున్నా టీవీ చెప్పింది. నా కొడుకుకొద్దు తల్లీ, నాకియ్యి అని మొక్కిన. గది నాకొచ్చేదాక రాత్రి బువ్వ ముట్ట."

స్వరూప గోడవైపు తిరిగి నిలబడింది. పరమేష్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. ఊరుకుంటే ఆమె తినదు. తినకపోతే మందు లేదు. పుండని చెప్పిన నోటితోనే ఇప్పుడు ఆ పేరు చెప్పాలి.

"నాకేం లేదమ్మా. క్యాన్సర్ నీకే. నీ కోసమే వెతికిన."

ఉప్పలమ్మ అతని మొహంలోకి చూసింది.

"నిజం చెప్తున్నవా?"

"వర్షిత మీద ఒట్టు."

కన్నబిడ్డ మీద ఒట్టు ఎవరూ అబద్ధానికి పెట్టరు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, గోడమీద ఉన్న మైసమ్మ పటానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"తల్లి నా మొక్కు ఇన్నది," అంది. "స్వరూపా, ఇంత బువ్వ పెట్టు."