గోరు విడిగా అమ్మరట

కోఠీలోని వీడియో గేముల షాపులో, అద్దాల బీరువాలో, అరచేతిలో పట్టే గేమ్ ఒకటి ఉంది. దాని పక్కనే మోకాళ్ళు ముడుచుకుని దాని ధర కూర్చుని ఉన్నాడు. లావుపాటి మనిషి. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకున్నాడు.

నాతో మా పిన్ని మాణిక్యాంబ ఉంది. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆమె కుడిచెయ్యి కదలడం లేదు. బొత్తాలు నొక్కే ఆట ఏదైనా ఇస్తే వేళ్ళు మేలుకుంటాయని డాక్టరమ్మ చెప్పింది.

"గేమ్ చాలు. ఈయన వద్దు" అంటాను.

"అట్లెట్లయితదక్కా?" అంటాడు షాపు యజమాని నర్సింగ్. "గేమ్ కొంటే ధర గూడ మీతోనే వస్తడు. మీ ఇంట్లనే ఉంటడు. అన్నం జర ఎక్కువ తింటడు."

మా ఇంట్లో ఉన్నవి రెండే గదులు. నాకు ఒళ్ళు మండుతోంది. "ఇంత చిన్న గేముకి ఇంత లావెందుకయ్యా నువ్వు?" అని ధరనే నిలదీస్తాను.

ఆయన నొచ్చుకోడు. చొక్కా గుండీలు విప్పి పొట్ట చూపిస్తాడు. "ఇక్కడ ఓడ ఉంది మేడం, సముద్రంతో సహా. ఈ మడతలో సుంకం. ఇది ప్రకటనలో హీరో నవ్విన నవ్వు." నవ్వు పళ్ళతో సహా బొడ్డు పక్కన మెరుస్తోంది. "వీపు మీద షాపు అద్దె. ఇంత చిన్న పెట్టెలో అన్నీ ఇరికించాలంటే పెద్ద పెద్ద బుర్రలు కావాలి కదా, అవి నా మెడలో ఉన్నాయి. అందుకే మెడ తిరగదు."

"మరి ఫ్యాక్టరీలో దీని ముక్కలు అతికించిన ఆడవాళ్ళెక్కడ?"

ఆయన చాలాసేపు వెతుక్కుంటాడు. చివరికి ఎడమకాలు చాపి, చిటికెనవేలి గోరు చూపిస్తాడు.

"ఇంత ఒంట్లో వాళ్ళ వాటా గోరేనా?"

"ఊరికే పెరుగుతుంది మేడం. అప్పుడప్పుడూ కత్తిరిస్తారు."

"అయితే ఆ గోరు ఒక్కటే కొంటాను."

"గోరు విడిగ అమ్మమక్కా" అంటాడు నర్సింగ్.

"సిగ్గు లేదూ మీకు?" అంటుంది పిన్ని. ఎడమచేత్తో సంచిలోంచి నెయిల్ కట్టర్ తీసి, అద్దంలోంచి చెయ్యి పోనిచ్చి, గోరు టక్కున కత్తిరిస్తుంది.

గేమ్ ఆరిపోతుంది. షాపులోని గేములన్నీ ఆరిపోతాయి. ధర మాత్రం పిసరంత కూడా తగ్గడు.

"చూశావా? వాళ్ళు లేకపోతే నీ దగ్గర మిగిలింది ఉత్త పొట్టే" అంటుంది పిన్ని ఆయనతో.

గోటిలోంచి ఆడవాళ్ళు దిగుతున్నారు. తలలకు నీలం టోపీలున్నాయి. ముందు మంచినీళ్ళడుగుతారు. తాగాక ధరను కౌంటరు మీద పడుకోబెట్టి, తొందర లేకుండా మరలు విప్పుతారు. నవ్వును ఒక ట్రేలో, మెడను ఒక ట్రేలో పెడతారు.

"అక్కడ చక్కిలిగింతలమ్మా" అంటాడు ధర.

పొట్ట తెరవగానే సముద్రం షాపు మెట్లు దిగి రోడ్డెక్కుతుంది. ఆటోలు పక్కకి తప్పుకుంటాయి. వెనకాలే ఓడ హారన్ కొట్టుకుంటూ వచ్చి బస్టాపులో ఆగుతుంది.

"నా అద్దె!" అంటాడు నర్సింగ్, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి.

ఎవరూ వెనక్కి చూడరు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఓడ ఎక్కుతారు. అందరికన్నా చివర ఎక్కిన పిన్ని వంగి, సముద్రం అంచును రెండు చేతులతోనూ పట్టుకుని, దుప్పటి దులిపినట్టు గట్టిగా దులుపుతుంది. ఊళ్ళోని ధరలందరూ తడిసిన చొక్కాలతో కోఠీ మీద రాలుతున్నారు.